పంటి కింద పొగ

“నువ్వు సిగరెట్లు తాగుతావామ్మా?”

డాక్టరమ్మ అడిగింది. కుర్చీలో వెల్లకిలా పడుకున్న ఆమె నోరు బార్లా తెరుచుకుని ఉంది. జవాబెలా చెబుతుంది? మూల స్టూలు మీద కూర్చున్న మొగుడు మాత్రం చివాలున లేచాడు. స్టూలు వెనక్కి పడింది.

“ఏమనుకుంటున్నారు మా ఆవిణ్ణి? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ వరస! పన్ను బాగుచెయ్యడం మీకు చేతకాక మనిషి మీద నింద వేస్తారా?”

డాక్టరమ్మకి కోపం రాలేదు. ఎక్స్‌రే తీసి దీపానికి ఎదురుగా పట్టుకుంది.

“రూట్ కెనాల్ బాగానే కుదిరింది. నింపింది నింపినట్టే ఉంది. వేరు కింద ఈ నల్లమచ్చ చూడండి. ఇక్కడ ఎముక మానాలి. పోయినసారి ఆవగింజంత ఉంది, ఇప్పుడు బఠానీ గింజంత అయింది. పొగ తాగేవాళ్ళకే ఎక్కువగా ఇలా మానకుండా మొరాయిస్తుంది.”

“తాగేది నేను. నా నోరు, నా పొగ. మధ్యలో దాని పంటికేం రోగం?”

“ఇంట్లో పొగా మంచిది కాదు. కానీ ఇది పక్కవాడి పొగలా లేదు. అంగిలి చూశాను. పళ్ళ వెనక గార చూశాను. ఏదమ్మా, చెయ్యి ఇటివ్వు.”

కుడిచేతి రెండు వేళ్ళు గోళ్ళ దాకా పచ్చబారి ఉన్నాయి. ఆమె చెయ్యి లాక్కుని ఒళ్ళో దాచుకుంది.

“వంటింటి మరకలండీ,” అతనే అన్నాడు. గొంతులో ఇందాకటి జోరు లేదు. “ఇంట్లో నేను పుల్ల తీసి పక్కన పెట్టను. చాకిరీ అంతా దానిదే. మహారాజుని!”

అతను ఆ మాట అన్నప్పుడల్లా ఆమె నవ్వేది. ఈసారి నవ్వలేదు.

“నేను తాగనమ్మా,” అంది. చీము తీయడానికి వేసిన మత్తుకి నాలుక మడతపడింది.

“సరే. నెలాఖరుకి మళ్ళీ రండి. ఈలోగా నీ నోట్లోకి పొగ పోకూడదు. పోయిందా, పన్ను పీకక తప్పదు. అప్పటికీ ఆగకపోతే దవడ ఎముక సంగతి నా చేతుల్లో ఉండదు.”

తలుపు ఆమే తీసి పట్టుకుంది. అతను ముందు నడిచాడు. బయట మెట్ల మీద కూలబడ్డాడు. అతని నుదుటి చెమట రుమాలుతో తుడిచి, నీళ్ళ సీసా నోటికి అందించింది. అతను మొహం తిప్పుకున్నాడు.

“నిజం చెప్పు. ఎప్పటినుంచి?”

“ఏంటి ఎప్పటినుంచి?”

“దొంగచాటుగా ఊదడం. ఎవరు నేర్పారు నీకు?”

“మీరు నేర్పకుండా నాకెవరు నేర్పుతారండీ?”

“వేళాకోళం వద్దు. పన్ను పోతే పోయింది. రోగం దవడకెక్కితే? నీకేమన్నా అయితే నా నోట్లో ముద్ద ఎవరు పెడతారే?”

అది భయమో ప్రేమో ఆమె అడగలేదు. ఏనాడూ అడగలేదు.

“మీ మీద ఒట్టు. నేను తాగలేదు. తాగను.”

ఆమె అబద్ధమాడటం లేదని అతనికి తెలుస్తూనే ఉంది. మరి ఆ వేళ్ళు? మొగుడికి కోపం వచ్చినా దిగులు వచ్చినా మందు ఒకటే. ఆ సంగతి ఆమెకి తెలుసు. అతని జేబులోంచి పెట్టె తీసింది. ఒక సిగరెట్ తన పెదాల మధ్య పెట్టుకుంది. గాలికి అరచెయ్యి అడ్డుపెట్టి అగ్గిపుల్ల గీసింది. బుగ్గలు లోపలికి పోయేలా పీల్చింది. మత్తు దిగుతోంది, వాచినవైపు సలిపి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంకోసారి పీల్చింది. కొస ఎర్రబడింది.

అతను ఆ రెండు వేళ్ళకేసే చూస్తున్నాడు. రేకుల ఫ్యాక్టరీ యంత్రం అతని చేతులు రెండూ భుజాల దగ్గరికి కోసి ఇంటికి పంపిన నాటి నుంచి, రోజుకి రెండు పెట్టెలు ఆమె ఇలాగే వెలిగిస్తోంది. వెలిగించడం కూడా తాగడమేనని ఇప్పటిదాకా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

“వద్దే” అనడానికి నోరు తెరిచాడు. ఆ నోరు తెరుచుకుంటే ఏం చెయ్యాలో ఆమెకి అలవాటే. సిగరెట్ పెట్టేసింది.

గాలికి ఖాళీ చొక్కా చేతులు రెండూ ఊగాయి. లాగి పారేయడానికి అతనికి చేతులు లేవు. ఉమ్మేయడానికి నోరుంది.

దమ్ము లాగాడు.