ఎడమ వైపు పల్లం

“అక్కా, ఇంకా ఎత్తాలా?” బటన్ మీద వేలుంచి తమ్ముడు యోగేశ్వరన్ బయటినుంచి అడిగాడు.

చక్రాల దగ్గరి గాలి సంచులు నిండుతూ మా క్యాంపింగ్ వ్యాన్ ఎడమ వైపు మెల్లగా లేస్తోంది. నేను లోపల మంచం మీద పడుకుని చూస్తున్నాను.

“ఇంకొంచెం ఎత్తు. మీ బావ ఉన్నన్నాళ్లూ ఎడమ పక్క పల్లమే. ఒక్క రాత్రీ సమంగా పడుకోలేదు.”

మావారు పోయాక ఈ వ్యాన్ బయటికి తీయడం ఇదే మొదలు. మా మలేసియాలోని కామెరాన్ కొండల్లో ఈ రాత్రి నిద్ర పడితే ఉంచుకుంటాను, పట్టకపోతే అమ్మేస్తానని వాడితో ముందే చెప్పాను.

“బావకి గాలి కొట్టడం రాదని మన సుంగై పెటాని ఊరంతా సెప్పినావు కదా?”

“రాదు కాబట్టే సెప్పినాను.”

వాడు నవ్వుతూ లోపలికొచ్చాడు. “బాగా వచ్చు లాహ్! ముందు సమంగానే పెట్టీవోడు. నువ్వు అటు తిరగ్గానే తను పడుకునే పక్క గాలి తీసేసీవోడు. ‘ఇదేటి బావా?’ అని ఓపాలి అడిగినాను. ‘మీ అక్క టీచరమ్మరా, పిలిస్తే రాదు. నిద్దర్లో దొర్లి రావాల’ అన్నాడు.”

నేను నవ్వాను. చాలాసేపు నవ్వి కళ్లు తుడుచుకున్నాను.

“నాకెందుకు సెప్పలేదురా?”

“సెప్తే నువ్వు గోడ పట్టుకుని పడుకుంటావంట. మరి ఇప్పుడు ఏటి సేద్దాం, వ్యాన్ అమ్మేద్దామా?”

“అమ్మను. ముందు ఆ పక్క గాలి తియ్యి.” వాడు గుమ్మం దిగుతుంటే మళ్లీ పిలిచాను. “కొంచెమేరా. దొర్లితే ఆపే మనిషి లేడు.”