నల్ల చారు

"ఆదివారం భోజనానికి వస్తాను. పెళ్ళి మాట మాట్లాడాలి" అని ఊళ్ళో బీరు కార్ఖానా నడిపే తెయోఫిల్ కబురంపాడు.

జమీందారు హిరోనిమ్ ద్రోజెవ్‌స్కీ మీసం దువ్వాడు. "మా పొలాల్లో వెట్టి చేసినవాడి కొడుకు! ఎంత పొగరు! పెత్రోనెలా, బాతుని కొయ్యి. నల్ల చారు కాచు."

ఆ వంటింట్లోనే పుట్టి పెరిగిన పెత్రోనెలా చేతిలోంచి గరిటె జారిపడింది. పాపం, అమ్మాయిగారంటే ఆమెకు ప్రాణం.

బాతు నెత్తురుతో కాచే ఆ చారు, పెళ్ళి మాటకు వచ్చినవాడి ముందు పెడితే, పిల్లనిచ్చేది లేదని అర్థం. వాడు నోరెత్తకుండా టోపీ తీసుకుని వెళ్ళిపోవాలి. ద్రోజెవ్‌స్కీల ఇంట చాలామంది అలాగే వెళ్ళారు. ఒకడికి ముత్తాత పేరు తెలియదు. మరొకడి తాత కొట్టు పెట్టాడు. ఈలోగా అడవి పోయింది, మిల్లు పోయింది, గుర్రాలు పోయాయి. గోడల మీద పూర్వీకుల పటాలు, పెత్రోనెలా చేతివంట, ముప్పై దాటిన కూతురు యూఫేమియా మిగిలారు.

యూఫేమియా వంటింట్లోకి పరుగెత్తింది.

"నీకు దణ్ణం పెడతానే! బీట్‌రూట్ చారు పెట్టవే. పీపాలు దింపే వంకతో ప్రతి శనివారం తనే వస్తున్నాడు. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాగా. ఇతనూ పోతే ఇక నాకెవరూ రారే!"

"అయ్యగారి మాట కాదనలేనమ్మా" అంటూ పెత్రోనెలా వెక్కివెక్కి ఏడ్చింది. అంత మంచి పనిమనిషి దొరకడం ద్రోజెవ్‌స్కీల అదృష్టం.

ఆదివారం తెయోఫిల్ కొత్త బూట్లు కిర్రుమనిపిస్తూ వచ్చాడు. జమీందారు పటాలు చూపిస్తూ వంశచరిత్ర విప్పాడు.

"ఈయన వియన్నా దగ్గర తురుష్కులను తరిమాడు. ఈయన ఒక్కడే లేచి 'ఒప్పుకోను' అని దేశం మహాసభనే రద్దు చేయించాడు. మరి మీ తాతో?"

"ఈయన గుర్రాలకి గడ్డేశాడు దొరగారూ."

చారు వచ్చింది. యూఫేమియా తల దించుకుంది. తెయోఫిల్ ఆ నలుపుకేసి ఒక్క క్షణం చూశాడు. తరవాత పళ్ళెం ఖాళీ చేసి, "ఇంకో గరిటె వెయ్యండి" అన్నాడు.

జమీందారుకు చిర్రెత్తింది. "ఏమయ్యా, ఈ చారుకి అర్థం తెలీదూ?"

తెయోఫిల్ మూతి తుడుచుకుని లేచాడు.

"తెలుసు దొరగారూ, ఇలా వండే పెత్రోనెలాని మీ చోట నేనున్నా ఎవడికీ ఇచ్చి పెళ్ళి చెయ్యను."