పకోడీల పులుసు

1981 జూలై అయిదు, ఆదివారం. ఆ మధ్యాహ్నం ఇంట్లో తిన్నది పకోడీల పులుసు. సత్యకుమారి ఆ తేదీ మరిచిపోలేదు.

ముందురోజు సాయంత్రం ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో డ్యూటీ దిగి, దారిలో హోటల్లో వేడి పకోడీలు పొట్లం కట్టించుకుని ఇంటికొచ్చింది. వసారాలో వరహాలక్ష్మి కూర్చుని ఉంది. ఆవిడ అత్తగారికి అక్క; సత్యకుమారి భర్త సూర్యప్రకాశాన్ని చిన్నప్పుడు పెంచిన దొడ్డమ్మ. కోడలి ఉద్యోగం సంగతి తేల్చడానికే కొవ్వూరు నుంచి దిగింది. ఆవిడ మాట అతను జవదాటడు.

"ఏంటమ్మా ఆ పొట్లం?"

"పకోడీలండి దొడ్డత్తయ్యగారూ. మీరొచ్చారని..."

"నేనొస్తే బజారు తిండి పెడతావా? ఎవడు వేయించాడో, ఏం నూనో! మా కొవ్వూర్లో కుక్కకి కూడా వెయ్యం."

అత్తగారు సీతారామలక్ష్మి అంతకంటే రెచ్చిపోయింది. "దీనికి గరిట పట్టుకోవడం వస్తే కదక్కయ్యా! చెవులకి గొట్టాలు తగిలించుకుని హలో హలో అనడం తప్ప ఏం తెలుసు? ఇలా ఇయ్యవే, దొడ్లో పారేసొస్తా."

రెండు వేళ్ళతో పొట్లం అందుకుని, ముక్కు చిట్లించుకుంటూ వెళ్ళింది. సూర్యప్రకాశం పేపర్లోంచి తలెత్తలేదు.

మర్నాడు తెల్లవారుతూనే సీతారామలక్ష్మి మడి కట్టుకుని వంటింట్లో దూరింది. ఎవరినీ గడప తొక్కనివ్వలేదు. మధ్యాహ్నం మగవాడి భోజనం అయ్యాక ఆడవాళ్ళు కూర్చున్నారు. వరహాలక్ష్మి పులుసు మారు అడిగింది. మళ్ళీ అడిగింది.

"చూశావుటే అమ్మాయ్? ఇల్లాలి చెయ్యంటే ఇదీ! పకోడీ పులుసు పీల్చుకుని ఎలా ఉబ్బిందో! నీ జన్మకి వస్తుందా?"

"దీనికా? రాదక్కయ్యా," అంది సీతారామలక్ష్మి. "ఇంకాస్త వెయ్యనా?"

సత్యకుమారి తన విస్తట్లో పకోడీ విరిచింది. లోపల పుదీనా ఆకు. ఈ ఇంట్లో పకోడీలకి ఎన్నడూ పుదీనా వెయ్యరు. ఆ హోటలువాడు వేస్తాడు.

అత్తగారి వైపు చూసింది. ఆవిడ తల తిప్పుకుంది. పారెయ్యడానికి చేతులు రాక పులుసులో వేసి, పేరు మాత్రం తను కొట్టేస్తోందన్నమాట. ఒక్క మాట అంటే చాలు. కానీ అంత ఇష్టంగా తింటున్న పెద్దావిడ చేతిలో ముద్ద అలాగే ఆగిపోతుందనిపించి, ఊరుకుంది. అత్తగారి మీద చీదర మాత్రం పుట్టింది.

"రాత్రికి అబ్బాయితో చెప్పేస్తా," అంది వరహాలక్ష్మి చెయ్యి కడుక్కుంటూ. "రేపటి నుంచి దీన్ని ఇంటిపట్టున ఉండమంటా."

సాయంత్రం అక్కచెల్లెళ్ళిద్దరూ దొడ్లో చాలాసేపు గుసగుసలాడారు. రాత్రి వరహాలక్ష్మి విస్తరి దగ్గరికి రాలేదు. కాసిని మజ్జిగ తాగి, సూర్యప్రకాశాన్ని పిలిచింది. సత్యకుమారి తలుపు వారన నిలబడింది.

"ప్రకాశం! దాన్ని ఉద్యోగం చేసుకోనీరా."

"అదేంటి దొడ్డమ్మా, నువ్వేగా..."

"చేసుకోనీమన్నానా! నేను పొద్దున్నే బస్సుకి పోతా."

ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళి పడుకుంది.

సత్యకుమారి వంటింట్లోకి వచ్చింది. అత్తగారు గిన్నెలు సర్దుతోంది.

"దొడ్డత్తయ్యగారితో ఏం చెప్పారండీ?"

సీతారామలక్ష్మి కోడల్ని ఇవతలికి తీసుకొచ్చి, వంటింటి తలుపు చప్పుడు కాకుండా మూసింది.

"తను తిన్నదేంటో కొవ్వూర్లో ఎవరికీ చెప్పనన్నానే."