ఎర్రజెండా లేస్తే

“బంతి పోయె కదప్పా! నోరు తెరుచుకోని చూస్తాంటే తిరిగొస్తాదా? ఎనక్కి ఉరుకు!”

గార్డు వెంకటస్వామి కేక హిందూపురం మైదానం ఆ కొసదాకా మోగింది. ఆయన చేతిలో ఎర్రజెండా లేచింది. కెప్టెన్ నాగరాజు పళ్లు నూరుకుంటూ తన గోలు వైపు పరుగు తీశాడు. ఆ సాయంకాలానికి అది ఇరవయ్యోసారి.

కిందటేడు, అంటే యాభయ్యేడులో, పెనుకొండ ఫుట్‌బాల్ పోటీల్లో ధర్మవరం వాళ్లు హిందూపురాన్ని నాలుగు గోల్స్‌తో చిత్తు చేశారు. అందరూ గోలు కొట్టడానికి ఎగబడ్డవాళ్లే. బంతి చేజారాక వెనుదిరిగినవాడు ఒక్కడూ లేడు. ఈసారీ ఓడితే జట్టునే ఎత్తేస్తామని క్లబ్బు పెద్ద జయరామయ్య నలుగురిలో తేల్చిచెప్పాడు. దిక్కుతోచని నాగరాజుకు దేవుడిలా దొరికినవాడు ఈ గూడ్సుబండి గార్డు. ఒకప్పుడు రైల్వే జట్టుకు ఆడినవాడు. సోమ, బుధ, శుక్రవారాల్లో ఆయన మకాం హిందూపురంలో.

“తక్కిన దినాలు గూడా రాగూడదా సారూ?” అని నాగరాజు బతిమాలాడు.

“బండి యాడికి పోతే ఆడికి పోవల్ల కదప్పా, నా బతుకు!”

ముందువరస ఆటగాడు రంగప్పకు ఓపిక నశించింది. “గోలు కొట్టేది నేర్పు సారూ అంటే ఎనక్కి ఉరికేది నేర్పిస్తాండావు. ఇదేమన్నా పారిపోయే పందెమా?”

గార్డు నవ్వాడు. “ఇంజనుంటే చాలదా, చివరి పెట్టెలో నేనెందుకుండానబ్బీ? ముందు ఉరికేటోనికి ఎనక ఏముండాదో కనపడదు గనక. బంతి పోయిన గడియలోనే నువ్వు ఇంజను కాదు, గార్డువి. బంతి ఎంట పడొద్దు. అది యాడికి చేరల్లనో ఆడికి దానికన్నా ముందు నువ్వు చేరల్ల.”

ఆరు నెలలు అదే పాఠం, అదే జెండా.

ఫైనలు నాటి ఆదివారం పెనుకొండ జనమంతా మైదానం చుట్టూ మూగారు. ఎదుట మళ్లీ ధర్మవరమే. హిందూపురం ఎన్నిసార్లు దూసుకువెళ్లినా వాళ్లు రివ్వున వెనుదిరిగి గోలు ముందు గోడ కట్టేస్తున్నారు.

“పోయినేడు వీళ్లిట్ల ఆడలేదే!” రంగప్ప రొప్పాడు.

గార్డు తీరు మరీ వింతగా ఉంది. బంతి ఎవరు పోగొట్టుకున్నా ఆయన జెండా లేస్తూనే ఉంది. ముసలాయనకు కంగారు పుట్టిందనుకున్నాడు నాగరాజు.

చివరి నిమిషాలు. ఇంకా ఎవరికీ ఒక్క గోలూ లేదు. మైదానం నడుమ రంగప్ప కాలి నుంచి బంతి జారింది. ధర్మవరం కెప్టెన్ గంగాధర దాన్ని అందుకొని గోలు మీదికి వచ్చాడు. నాగరాజు బంతి వైపు చూడనైనా లేదు. వెనుదిరిగి, ఊపిరి బిగబట్టి, సొంత గోలు దాకా పరుగెత్తాడు. గంగాధర తన్నిన బంతి గీత దాటబోతుండగా దాన్ని మైదానం నడుమకు ఎగదన్నాడు.

గంగాధర తల పట్టుకొని అక్కడే నిలబడిపోయాడు.

“ఎనక్కి! ఉరుకు!” గార్డు గొంతు చించుకున్నాడు. బంతి మనదైతే వెనక్కి ఎందుకని నాగరాజుకు నవ్వొచ్చింది. ఈలోగా రంగప్ప బంతిని అందుకోవడం, గోలు కొట్టడం రెండూ అయిపోయాయి.

విజిల్ మోగింది. మైదానం హోరెత్తింది. హిందూపురం కుర్రాళ్లు గార్డును భుజాలకెత్తుకొని ఊరేగించారు. జయరామయ్య తన మెడలోని దండ తీసి ఆయన మెడలో వేశాడు. “జట్టుండాలప్పా, ఎప్పటికీ ఉండాల!” అన్నాడు తడిసిన కళ్లతో.

ఇంతలో గంగాధర వచ్చి గార్డు పాదాలకు దండం పెట్టాడు. ఓడినవాడి సంస్కారానికి నాగరాజు మురిసిపోయాడు.

“తప్పు నాదే సారూ,” గంగాధర వెక్కాడు. “బంతినే చూస్తా నిలబడితి.”

గార్డు అతణ్ణి లేవనెత్తి కన్నీళ్లు తుడిచాడు.

“ఎప్పటి మాదిరే మంగళవారం ధర్మవరానికొస్తా కదప్పా, సరిచేద్దాంలే!”