తాఖీదు వెనుక రాత

"ఏడువందల ఏళ్ల కిందటి ఇంగ్లీషు షెరీఫ్ అబద్ధమాడాడని నీకెలా తెలుసు?" ప్రొఫెసర్ ఎగతాళిగా అడిగాడు.

1986, మిషిగన్. శశికళ పీహెచ్‌డీ డిఫెన్స్ జరుగుతోంది. రాజు పంపిన ప్రతి తాఖీదు వెనుకా "ఆలస్యంగా అందింది" అని రాసి ఆ షెరీఫ్ పని ఎగ్గొట్టాడని ఆమె వాదన.

"ఇండియాలో మా తాత గ్రామ కరణం," అందామె. "కరువులో ధాన్యం పంచమని కలెక్టర్ పంపిన తాఖీదు మీద ఆయనా అదే రాశాడు. తపాలా ముద్ర చూస్తే అది టైముకే వచ్చింది."

వెనుక వరుసలో కూర్చున్న ఆమె తండ్రి భీమశంకర్ లేచి బయటికి నడిచాడు.

శశికళ ఆయన్ని పార్కింగ్ లాట్‌లో అందుకుంది.

"తెల్లవాళ్ల ముందు మా నాన్న పరువు తీశావు."

"అబద్ధం చెప్పానా డాడీ? ఆ కరువులో ఊళ్లో ఎంతమంది పోయారో మీకు తెలీదా?"

"తెలుసు." ఆయన కారు తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. "మీ తాతకి అప్పటికే చూపు పోయింది. వచ్చిన కాగితాలన్నీ నేనే చదివి వినిపించేవాణ్ణి. అదొక్కటే చదవలేదు. దాని మీద ఆ మాట రాసిందీ నేనే. వింటే ఆయన మన గాదె కూడా తెరిచేవాడు."