మూత మీద మనిషి

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపివ్వనూ లేదు. తడిసిన గొంగడిలా నాచారం మీద వేలాడుతోంది.

పెరట్లోకి వచ్చిన త్రిమూర్తులు అక్కడే ఆగిపోయాడు.

మురుగు గుంత మూత మీద విస్తరాకు. ఆకులో అన్నం, గారెలు, తోటకూర. పక్కన పసుపు, కుంకుమ, ఇంకా ఆరని అగరొత్తి.

“సుందరీ! ఒకసారిలా రా.”

త్రిపురసుందరి వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“అమావాస్య పూటండీ! ఎవరో చేతబడి చేయించారు. మోటారు ఉత్తినే ఆగిపోయిందనుకున్నారా?”

ఆ ఇంట్లో అద్దెకు దిగి ఏడాది కాలేదు. రోడ్డు మీద రోడ్డు పోసి పోసి ఇల్లు పల్లమైపోయింది. కింది గదుల మురుగు దానంతటది వీధి గొట్టంలోకి ఎక్కదు. పెరటి గుంతలో చేరితే, అందులో మునిగి ఉన్న మోటారు పైకి తోడాలి. మోటారు మొరాయిస్తే మురుగు వెళ్ళిన దారినే వెనక్కి వస్తుంది.

వచ్చేసింది కూడా. కింది గదిలో తుంటి విరిగి మంచాన ఉన్న తల్లి శ్యామలమ్మ దగ్గరికి.

“ఒరే అబ్బాయ్, గోదారి నా మంచం కిందికే వచ్చినట్టుందిరా!” లోపలినుంచి ముక్కు మూసుకుని అరుస్తోంది ఆవిడ.

త్రిమూర్తులు చీపురుతో ఆకును గోడవతలికి నెట్టేశాడు. చొక్కా విప్పి తువ్వాలు బిగించాడు. నిచ్చెన తెచ్చాడు.

“ఎంత లోతుంటుందిలే. దిగి మోటారు కదిపి వచ్చేస్తా.”

మూత కొక్కెం పట్టుకోబోతుండగా గేటు తోసుకుని ఒకామె వచ్చింది. యాభై దాటినట్టుంది. నేత చీర, చేతిలో ఖాళీ టిఫిను డబ్బా. చెప్పులు గేటు దగ్గరే విడిచి, తిన్నగా వచ్చి మూత మీద కూర్చుంది.

“ఎవరమ్మా నువ్వు? ఆ ఆకు నీదేనా?”

“నాదే.”

“ఎవరి మీద ప్రయోగం?”

“ప్రయోగం ఏంది సార్? పెత్రమాస గద. పోయిన మనిషికి వెట్టుకున్న.”

“లే ముందు. మా అమ్మ మురుగులో ఉంది.”

“అమ్మను అరుగు మీదికి తెచ్చుకోర్రి. నేను లేస్తె నువ్వు దిగుతవు.”

“దిగితే నీకేంటి?”

“గుంతల విషం గాలి ఉంటది. అది నువ్వెవరని అడగదు.”

అంతే. డబ్బా ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. త్రిమూర్తులుకి ఏం పాలుపోలేదు. మంత్రగత్తె అయితే ఇలా అడ్డం కూర్చోదు. పిచ్చిదైతే ఆ కళ్ళు అంత తేటగా ఉండవు.

“లేపి పంపెయ్యండీ,” అంది సుందరి చాటుగా.

“నువ్వు లేపు చూద్దాం.”

మొగుడూ పెళ్ళాం శ్యామలమ్మను కుర్చీలో ఎత్తుకొచ్చి అరుగు మీద కూర్చోబెట్టారు. త్రిమూర్తులు రొప్పుతూ, ఓనర్ల తరఫున అద్దె తీసుకుని ఇంటి వ్యవహారం చూసే చిదంబరానికి ఫోన్ చేశాడు.

“మోటారు ఆగిందా? మీరెవ్వరు దిగకుర్రి సార్. లాలాపేట నుంచి రాజయ్యను పంపుత.”

“ఇక్కడెవరో ఆడమనిషి మూత మీద కూర్చుని లేవడం లేదండీ!”

చిదంబరం గొంతు తగ్గించాడు.

“కూసోనియ్యుర్రి,” అని పెట్టేశాడు.

రాజయ్య వచ్చేసరికి ఎండ రాలేదు గానీ ఉక్క పెరిగింది. బండి మీంచి మూడుకాళ్ళ ఇనప స్టాండు, గొలుసు దించి, ఆమెను చూసి తనూ చెప్పులు విడిచాడు.

“లే అక్కా. నేనొచ్చిన గద.”

అప్పుడు లేచింది.

మూత తీసి అతను దూరం జరిగాడు. వంగి చూడబోయిన త్రిమూర్తులు రెక్క పట్టి వెనక్కి లాగాడు. అప్పటికే త్రిమూర్తులు కళ్ళు భగ్గుమన్నాయి, తల గిర్రున తిరిగింది. నిచ్చెన అక్కర్లేకుండానే, పొడుగాటి కొక్కెంతో గొలుసు తగిలించి మోటారును పైకి గుంజాడు రాజయ్య. దాని నోట్లో శ్యామలమ్మ ఒళ్ళు తుడిచే గుడ్డ.

“నా తప్పేరా అబ్బాయ్,” అంది శ్యామలమ్మ. “మరుగుదొడ్లో చేతిలోంచి జారిందని చెప్తే కోడలు తిడుతుందని ఊరుకున్నా.”

మోటారు దించి తిప్పగానే గుంత గుటకలు వేసింది. కింది గదిలో నీళ్ళు తీశాయి.

మూత మీంచి లేచినామె కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటూ అంది:

“మా ఆయన గీ గుంతలనే పోయిండు.”

త్రిమూర్తులు గోడవతలికి చూడలేకపోయాడు. అక్కడ ఆ ఆకు చుట్టూ కుక్కలు.

“పాపం. క్లీనింగుకి వచ్చాడా అమ్మా?”

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంది.

త్రిపురసుందరి బయటివాళ్ళిద్దరికీ రెండు విస్తరాకులు వేసి, అరుగు కింద వడ్డించింది. లోపలికి రమ్మనడానికి నోరు రాలేదు. పిలిచినా ఆమె వచ్చేలా లేదు.

“మేమిద్దరమే తింటె ముద్ద దిగది. మీరు గూడ కూసోర్రి.”

చెప్పిన తీరు అలాంటిది. కాదనలేక మొగుడూ పెళ్ళాం తమ కంచాలతో కిందే కూర్చున్నారు.

“ఆవిడ భర్తా నువ్వూ కలిసి ఈ పని చేసేవాళ్ళా?” రాజయ్యను మెల్లగా అడిగింది సుందరి.

“పని నాదేనమ్మా. దిగింది నేను, లోపల పడిపోయింది నేను,” అన్నాడు రాజయ్య, పప్పు కలుపుతూ.

అతను ఆ ముద్ద నోట్లో పెట్టుకోకుండానే, “నా కోసం దిగి, నన్ను మీదికి నూకి లోపల్నే ఉండిపోయినాయన ఈ ఇంటి ఓనరు, ఈ అక్క పెనిమిటి,” అన్నాడు. ఆమె పప్పు గిన్నె త్రిమూర్తులు వైపు జరిపింది, అందరూ తలలు వంచుకుని తిన్నారు.