ఎత్తు తెల్వని చుక్క

ఇంట్ల కూసొని మ్యాపులు సరిచూసుడు నా పని. రెండు గీతలు ఒకదానిమీద ఒకటి పోతే చాలు, సాఫ్ట్‌వేర్ ఎర్ర గుర్తు పెడ్తది. పైన ఫ్లైఓవర్, కింద రోడ్డు అయినా సరే, రెండూ కలిసినయనే అంటది. దానికి ఎత్తు పట్టదు. ఎత్తులు నేను చూసి, కలవలేదని ఆ గుర్తు తీసేస్త.

మధ్యాహ్నం ఫోన్‌ల మ్యాపు చూసిన. మా ఆయన హరికిషన్ చుక్క యాప్రాల్‌ల, మా అపార్ట్‌మెంట్ మీదనే ఉన్నది. ఒకరి లొకేషన్ ఒకరికి కనపడాలని పెట్టింది ఆయనే.

ఫోన్ చేసిన. "ఏడున్నవ్?"

"రాంగోపాల్‌పేట్‌ల. ఆఫీసుల జెర బిజీ ఉన్న."

మా కింద ఫ్లాట్‌ల జోయా ఒక్కతే ఉంటది. మొన్న లిఫ్ట్‌ల ఆయనను చూసి నవ్వింది. చుక్క ఏ అంతస్తుల ఉన్నదో ఫోన్ చెప్పదు గదా! చెప్పులు సుత ఏసుకోకుంట దిగిన.

జోయా తలుపుకు తాళం ఉన్నది.

ఇగ మిగిలింది పైనే, ఎక్కిన. టెర్రస్ మీద, నీళ్ల ట్యాంకు చాటుకు కూసొని, మా గేటు దిక్కే చూస్తున్నడు.

"ఏందీ, గిట్ల ఎండల కూసున్నవ్?"

ఉలిక్కిపడ్డడు. నా మొఖం చూడకుంటనే అన్నడు: "నీ చుక్క ఎన్నడు చూసినా ఇల్లు కదలదు. మరి నీ దగ్గరికే ఎవరన్న వస్తున్నరేమో చూద్దామని."

చేతిల ఫోన్‌ల మా చుక్కలు రెండూ ఒకదానిమీద ఒకటి ఉన్నయి. ఇప్పుడు ఎత్తు సుత ఒక్కటే.

అయినా కలిసినమంటే, నేనైతే ఒప్పుకోను.